రైల్లో గొలుసు కోసి సూట్‌కేసు ఎత్తుకుపోతే రైల్వేకు బాధ్యత ఉండదా?

ప్రశ్న: మేం చెన్నై విల్లివాక్కంలో ఉంటాం. నాలుగు నెలల కిందట పెళ్లికని అమ్మా నేనూ రాత్రి రైల్లో థర్డ్ ఏసీలో హైదరాబాదు వెళ్లాం. సూట్‌కేసును కింది బెర్త్ రింగుకు గొలుసు వేసి తాళం పెట్టాను. హ్యాండ్‌బ్యాగ్ తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నాను. తెల్లవారుజామున లేచి చూస్తే గొలుసు తెగి ఉంది, రెండూ లేవు. సూట్‌కేసులో నాలుగు సవరన్ల హారం, పట్టుచీరలు ఉన్నాయి. బ్యాగులో ఫోను, 22 వేల నగదు. నెల్లూరు దాటాక టీటీఈ మళ్లీ కనిపించలేదు. రిజర్వేషన్ లేనివాళ్లు తలుపుల దగ్గర పడుకుని ఉన్నారు. అమ్మ ఫోను నుంచి వెంటనే రైల్వే హెల్ప్‌లైన్ 139కి చెప్పాం. దిగిన స్టేషన్‌లో పోలీసులు ‘ఎక్కడ పోయిందో అక్కడికి వెళ్లండి’ అన్నారు. చెన్నై వచ్చి ఫిర్యాదు చేస్తే సీఎస్ఆర్ రశీదు చేతిలో పెట్టారు. రైల్వేకు రాస్తే ‘బుక్ చేయని సామానుకు మా బాధ్యత లేదు’ అని జవాబిచ్చారు. ఇక వదిలేసుకోవడమేనా?

జవాబు: వదిలేసుకోనక్కర్లేదమ్మా. అయితే మీ సూట్‌కేసు వేరు, హ్యాండ్‌బ్యాగ్ వేరు. మొదటిదానికి కేసు బలంగా ఉంది, రెండోదానికి లేదు.

రైల్వే మీకు రాసిన జవాబు 1989 నాటి రైల్వే చట్టం 100వ సెక్షన్‌లో సగం మాత్రమే. సామాను బుక్ చేసి రశీదు తీసుకోకపోతే బాధ్యత లేదన్నది అందులో మొదటి ముక్క. ప్రయాణికుడు తన వెంట ఉంచుకున్న సామాను రైల్వే సిబ్బంది నిర్లక్ష్యం వల్ల పోయిందని రుజువైతే బాధ్యత ఉంటుందని రెండో ముక్క చెబుతుంది. అంటే నిర్లక్ష్యాన్ని రుజువు చేయాల్సింది మీరు. సామాను పోయిందని చూపినంత మాత్రాన సరిపోదు.

2023 జూన్‌లో సుప్రీంకోర్టు సురేందర్ భోలా కేసులో ఇచ్చిన తీర్పును రైల్వే న్యాయవాది తప్పకుండా ముందు పెడతారు. నడుముకు కట్టుకున్న బెల్టులోంచి లక్ష రూపాయలు పోయిన కేసు అది. జిల్లా, రాష్ట్ర, జాతీయ వినియోగదారుల కమిషన్లు మూడూ రైల్వేనే కట్టమన్నాయి. సుప్రీంకోర్టు ఆ తీర్పులను కొట్టేసి, తన సొత్తును తానే కాపాడుకోలేకపోతే రైల్వేను బాధ్యుణ్ని చేయలేమంది. తలగడ పక్కన పెట్టుకున్న మీ బ్యాగు ఈ తీర్పుకు చాలా దగ్గరగా ఉంది. ఫోను, నగదు ఫిర్యాదులో రాయండి, కానీ మీ వాదనను వాటి మీద నిలబెట్టకండి.

సూట్‌కేసు సంగతి అలా కాదు. రిజర్వ్‌డ్ బోగీలోకి అనధికారంగా చొరబడ్డవాళ్లు ప్రయాణికురాలి నగలు దోచుకున్న సుమతీదేవి ధన్వతే కేసులో 2004లో అదే సుప్రీంకోర్టు రైల్వేను బాధ్యుణ్ని చేసింది. టీటీఈ విధుల్లో టికెట్ చూడటం ఒక్కటే కాదు. బండి నడుస్తున్నప్పుడు తలుపులు గడియ పెట్టి ఉండేలా చూడటం, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు చివరి వెస్టిబ్యూల్ (బోగీ నుంచి బోగీకి వెళ్లే దారి) తలుపులకు తాళం ఉండేలా చూడటం, రిజర్వేషన్ లేనివాళ్లను లోపలికి రానీయకపోవడం కూడా ఆ విధుల్లోనే ఉన్నాయి. మీరు గొలుసు వేశారు, తాళం పెట్టారు. ప్రయాణికురాలు చేయగలిగిన జాగ్రత్త అంతకన్నా ఏముంటుంది? తలుపు దగ్గర పడుకున్నవాళ్లను దించాల్సిన మనిషి బోగీలో లేడన్నదే మీ కేసుకు ప్రాణం.

ఇక పోలీసుల విషయం. సీఎస్ఆర్ అంటే ఫిర్యాదు అందిందన్న రశీదే, ఎఫ్ఐఆర్ కాదు. తమిళనాడులో చాలామంది ఇక్కడే మోసపోతారు. ఆ కాగితం చూసి కేసు నమోదైందనుకుని నెలలు గడిపేస్తారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఇక్కడి రైల్వే పోలీసులు నమోదు చేసి ఆంధ్రకు బదిలీ చేస్తారు. ఫిర్యాదులో ‘సామాను కనబడలేదు’ అని రాయకండి, ‘గొలుసు కోసి దొంగిలించారు’ అనే రాయండి. ప్రయాణికుల వాహనంలోంచి వస్తువు దొంగిలిస్తే భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. నమోదు చేయకపోతే ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆలస్యం ఎందుకైందని అడుగుతారు. అప్పుడు సీఎస్ఆర్ మీద తేదీ, 139 ఫిర్యాదుకు వచ్చిన నంబరు మిమ్మల్ని కాపాడతాయి. అమ్మగారి ఫోనులో ఆ మెసేజ్ ఉంటే ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఫిర్యాదు రాసేటప్పుడు రైల్వే రక్షక దళానికీ ప్రభుత్వ రైల్వే పోలీసుకూ తేడా గుర్తుంచుకోండి. దొంగతనం కేసు నమోదు చేయాల్సింది రెండోవాళ్లు. అసలు ఆ రాత్రే టీటీఈని గానీ, గార్డును గానీ, ఎస్కార్టు పోలీసులను గానీ అడిగితే ఎఫ్ఐఆర్ ఫారం ఇచ్చేవారు. నింపి ఇస్తే తరువాతి స్టేషన్ పోలీసులకు చేరవేస్తారు, మీరు దిగాల్సిన పని ఉండదు. ఈ సంగతి ఎక్కువమందికి తెలియదు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే ముందు సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ తేదీన మీ బోగీ ఎవరికి అప్పగించారు, ఆ టీటీఈకి ఎన్ని బోగీలు ఇచ్చారు, మీ బోగీలో టికెట్ లేనివాళ్ల నుంచి వసూలు చేసిన రశీదులు ఉన్నాయా, రైల్లో ఎస్కార్టు ఉందా, ఆ రాత్రి అదే రైలు నుంచి ఇంకేమైనా దొంగతనం ఫిర్యాదులు వచ్చాయా అని అడగండి. ‘ఆ రోజు ఒక్క టీటీఈకి ఇన్ని బోగీలు’ అని వాళ్లే రాసిచ్చిన కాగితం పది సాక్ష్యాల పెట్టు.

దావా ఎక్కడ వేయాలంటే, మీ ఊళ్లోనే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే జిల్లా కమిషన్‌లో వేయవచ్చు. దొంగతనం ఆంధ్రలో జరిగిందని విజయవాడకు తిరగనక్కర్లేదు. చెల్లించిన ధర 5 లక్షలు మించకపోతే ఫీజు లేదు. ఇక్కడ చూసేది హారం విలువ కాదు, టికెట్ ధర. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. యూనియన్ ఆఫ్ ఇండియా తరఫున రైల్వే జనరల్ మేనేజర్‌ను ప్రతివాదిగా పెట్టండి.

‘ఇది రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ పని, మీ కమిషన్‌ది కాదు’ అని వాళ్లు అభ్యంతరం చెబుతారు. ట్రిబ్యునల్ చూసేది రైల్వేకు అప్పగించిన సరుకు విషయం, మీ సూట్‌కేసు మీరు అప్పగించలేదు. పైగా వినియోగదారుల చట్టంలోనూ ఒక 100వ సెక్షన్ ఉంది. ఈ చట్టం ఇతర చట్టాలకు అదనమే తప్ప వాటికి అడ్డు కాదంటుంది. వాళ్ల 100కి మన 100, నంబర్లు కలవడం కాకతాళీయం! సరుకు విషయంలో ఆరు నెలల్లో నోటీసు ఇవ్వాలన్న రైల్వే చట్టం 106వ సెక్షన్ మీకు వర్తించదని వాదించవచ్చు. కానీ ఇంకా రెండు నెలలు చేతిలో ఉండగా వాదన దాకా ఎందుకు, ఇప్పుడే లీగల్ నోటీసు పంపేయండి.

టికెట్‌తో కట్టిన పైసల బీమా మీద ఆశ పెట్టుకోకండి. అది ప్రమాదంలో ప్రాణానికి, గాయాలకు, సామానుకు కాదు.

ఎంత అడగాలో జాగ్రత్తగా తేల్చుకోండి. సీఎస్ఆర్ ఫిర్యాదులో నాలుగు సవరన్లు అని రాసి దావాలో ఆరు అంటే కేసు అక్కడితో పోయినట్టే. హారానికి బిల్లు ఉంటే జత చేయండి, లేకపోతే దాన్ని వేసుకుని దిగిన పాత ఫొటోలు, లాకర్ వివరాలు పెట్టండి. బిల్లు లేని బంగారానికి కమిషన్లు సాధారణంగా కోత పెడతాయి. చార్టులో అమ్మగారి పేరు ఉంటుంది కాబట్టి ఆమె చేత విడిగా అఫిడవిట్ ఇప్పించండి. టీటీఈని ఆఖరుసారి ఎక్కడ చూశారు, తలుపు దగ్గర ఎంతమంది ఉన్నారు, ఆమెకు గుర్తున్నంతే రాయించండి. ఇక ఆ తెగిన గొలుసు ముక్క ఇంట్లో ఎక్కడో పడి ఉంటుంది. కట్టర్‌తో కోసిన ఆనవాలు అందులోనే ఉంది, పారేయకుండా కవర్లో వేసి ఉంచండి.