బోటు బరువు బ్రోచర్‌లో ఒకటి, కాటా మీద ఇంకోటి

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో ఫైబర్ బోటు ఒకటి తీసుకున్నానండీ, బ్రోచర్‌లో బరువు 620 కిలోలని ఉంది. దాన్ని బండి వెనక కట్టి లాక్కెళ్ళడానికి పాత ట్రైలర్ బేరానికొచ్చింది, దాని ప్లేటు మీద మొత్తం బరువు 1200 అని కొట్టి ఉంది. అంటే సగం ఖాళీయే కదా, కళ్ళు మూసుకుని కొనేయొచ్చా?

జవాబు: కాసేపు కళ్ళు తెరిచే ఉంచండి. ప్లేటు మీద 1200 అంటే బోటు ఒక్కదానికే 1200 అని కాదు, ట్రైలర్ సొంత బరువు కూడా అందులోనే. అది 280 ఉందనుకోండి, బోటుకి మిగిలేది 920. ఇక ఆ 620 ఉంది చూశారూ, అది చాలాసార్లు ఒట్టి డొల్ల బరువు, ఇంజన్ కూడా కలపరు. బోటు వెనక బయటికి తగిలించే 60 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజనే 110 కిలోలకి అటూ ఇటూ తూగుతుంది, పెట్రోల్ లీటరుకి ముప్పావు కిలో లెక్కన 100 లీటర్లకి 75, బ్యాటరీ ఓ 25, లంగరు, గొలుసు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు, ఇదొక్కటే కదా అనుకుంటూ పడేసిన ఐస్ పెట్టె, ఇవన్నీ ఓ 60 వేసుకోండి. మొత్తం 890. మీరు సగం ఖాళీ అన్నది 30 కిలోలకి వచ్చింది! పాత బోటు కాబట్టి లోపలి ఫోమ్ నీళ్ళు పీల్చుకుని ఉంటే అదీ పోయినట్టే.

టైర్లు కూడా చూడండి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పక్కగోడ మీద సైజు తర్వాత ఓ నంబరుంటుంది, 91 అయితే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది, 84 అయితే 500 మాత్రమే. నా మొదటి ట్రైలర్‌కి నా ముందు ఓనరు చవగ్గా దొరికిన 84లు వేయించేశాడు, ప్లేటు మీద 1200 చూసి నేను మురిసిపోయా, రెండు టైర్లూ కలిపి మోసేది 1000 అని టైరు పేలాకే తెలిసింది. ప్లేటు, యాక్సిల్, టైర్లు, వీటిలో ఏది తక్కువైతే అదే మీ లెక్క.

నన్నడిగితే ఇది వదిలేసి 1400 రకం చూడండి. అలాగని 2500ది తెచ్చి పెట్టుకోవద్దు, స్ప్రింగులు వంగవు, గుంత వచ్చినప్పుడల్లా ఆ దెబ్బంతా బోటు అడుగుకే తగుల్తుంది.

కొన్నాక బోటెక్కించి కాటాకి తీసుకెళ్ళండి, బండి నుంచి విప్పేసి ట్రైలర్ మాత్రమే తూకం వేయించండి. మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం బండికి తగిలించే ముందు కొక్కెం మీద పడాలి, అంతకంటే తగ్గితే స్పీడులో ట్రైలర్ పాములా ఊగుతుంది, అప్పుడు బోటుని కాస్త ముందుకి జరుపుకోవాలి. అన్నట్టు కాటాకి వెళ్ళేటప్పుడు ట్యాంకు నింపుకునే వెళ్ళండి, ఖాళీ ట్యాంకుతో తూకం వేయించి సంబరపడిపోయేవాళ్ళే ఎక్కువ.