టెక్ సందేహాలు: షవర్‌లో ప్రెషర్ లేదు, ఏ పంపు కొనాలి?

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలు ఈసారికి పక్కన పెడుతున్నాను. షవర్ పంపుల మీద మూడు ప్రశ్నలు వచ్చాయి, మొదటిదానికి సరిగ్గా జవాబు చెప్పుకుంటే మిగతా రెండూ సగం తేలిపోయేలా ఉన్నాయి, అందుకే మూడూ కలిపే ఇస్తున్నాను.

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు, ట్యాంకు డాబా మీద ఉంది. కింద బాత్రూంలో షవర్ బాగానే వస్తుంది, పైన మాత్రం తల తడవడానికే టైం పడుతోంది. ప్లంబర్ 1 హెచ్‌పీ ప్రెషర్ పంపు పెట్టించమంటున్నారు. ఆన్‌లైన్‌లో చిన్న చిన్న బూస్టర్లు కూడా కనిపిస్తున్నాయి. ఏది తీసుకోవాలి? నేనే బిగించుకోవచ్చా?

1 హెచ్‌పీ అక్కర్లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు. అసలు మీకు పంపు కావాలో వద్దో కూడా ఇంకా తేలలేదు.

ట్యాంకు నుంచి దిగే నీళ్లకి ప్రెషర్ ఇచ్చేది ఎత్తు ఒక్కటే. 10 మీటర్ల ఎత్తుకి దాదాపు 1 బార్ (ప్రెషర్‌ని కొలిచే యూనిట్) వస్తుంది. పై అంతస్తులో మీ షవర్‌కీ ట్యాంకులో నీటి మట్టానికీ మధ్య ఎంత ఉంటుంది, మహా అయితే రెండు మీటర్లు, అంటే 0.2 బార్. కింది అంతస్తుకి ఇంకో మూడు మీటర్లు కలుస్తాయి కాబట్టి అక్కడ 0.5 బార్ దాకా ఉంటుంది. మామూలు షవర్ హాయిగా పనిచేయాలంటే 1 బార్ దగ్గర్లో ఉండాలి, పళ్లెమంత వెడల్పున్న రెయిన్ షవర్‌కి అంతకన్నా ఎక్కువే కావాలి. ట్యాంకు స్టాండు ఎత్తు పెంచితే సరిపోతుందని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మీటరు ఎత్తు పెంచితే మీకొచ్చేది 0.1 బార్. దానికోసం ట్యాంకు ఖాళీ చేసి, దింపి, కొత్త స్టాండు కట్టించడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

ఇప్పుడు చిన్న పరీక్ష. షవర్ హెడ్ విప్పేసి, ఉత్త పైపు నుంచి 10 లీటర్ల బకెట్ ఎంతసేపట్లో నిండుతుందో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. తర్వాత హెడ్ బిగించి మళ్లీ చూడండి. హెడ్ లేనప్పుడు నిమిషంలో నిండిపోయి, హెడ్ పెట్టాక మూడు నిమిషాలు పడుతోందంటే అనుమానించాల్సింది ముందుగా హెడ్‌నే. రంధ్రాల్లో తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటే వెనిగర్‌లో కొన్ని గంటలు నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దండి. చాలా హెడ్‌ల మూతి దగ్గర, రబ్బరు వాషర్ వెనక, చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. నీళ్లు ఆదా కావడానికి పెట్టే ఫ్లో లిమిటర్ అది, తక్కువ ప్రెషర్ ఉన్న ఇంట్లో అదే గొంతు నొక్కేస్తుంది. దాన్ని తీసేసి చూడండి, ఒక్కోసారి కథ అక్కడితో అయిపోతుంది.

హెడ్ తీసినా ధార సన్నగానే ఉందంటే తేడా వెనకెక్కడో ఉంది. ట్యాంకు దగ్గర వాల్వ్ సగమే తెరిచి ఉందేమో, వేడినీళ్లు, చన్నీళ్లు కలిపే మిక్సర్ కుళాయి లోపలి జాలీలో ఇసుక చేరిందేమో చూడండి. పైపు ఒక చోట పైకి లేచి మళ్లీ కిందికి దిగుతుంటే ఆ మలుపులో గాలి చిక్కుకుంటుంది, ఎయిర్ లాక్ అంటారే అదే. పైపు సైజు కూడా ముఖ్యం, చాలామంది దీన్ని పట్టించుకోరు. అదే నీటి ధారకి ముప్పావు అంగుళం పైపులో పోయే ప్రెషర్ కన్నా అరంగుళం పైపులో పోయేది, పైపు రకాన్ని బట్టి, సుమారు నాలుగు నుంచి ఏడు రెట్లు ఎక్కువ. మీ దగ్గర ఉన్నదే 0.2 బార్, దాన్నీ పైపు, ఎల్బోలు (పైపు మలుపు ముక్కలు) తినేస్తే షవర్‌కి మిగిలేదేముంది?

ఇంకో మాట, అదే బాత్రూంలో బకెట్ కుళాయి జోరుగా వస్తోంది కాబట్టి ప్రెషర్ ఉందని అనుకోకండి. కుళాయి షవర్ కన్నా మీటరుకి పైగా కింద ఉంటుంది. రెండు మీటర్ల లెక్కలో ఇంకో మీటరు చేరడమంటే చిన్న విషయం కాదు.

ఇవన్నీ చూశాక కూడా ఎత్తు చాలకపోవడమే కారణమని తేలితే, అప్పుడు పంపు. ఎంత పవర్ కావాలో లెక్క వేద్దాం. నిమిషానికి 15 లీటర్లు, అదనంగా 1 బార్ ప్రెషర్ కావాలనుకోండి. నీటికి అందాల్సిన శక్తి 25 వాట్లు, అంతే. చిన్న పంపుల సామర్థ్యం తక్కువ కాబట్టి కరెంటు వైపు 100, 120 వాట్లు అవుతుంది. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. ఇల్లంతా నాలుగైదు బాత్రూంలకి ఒకేసారి ప్రెషర్ కావాలంటే అర హెచ్‌పీ, ఆపైన ఆలోచించొచ్చు. ఒక్క షవర్ కోసం అయితే పెద్ద పంపు వల్ల మీకు మిగిలేది చప్పుడు, పాత జాయింట్ల దగ్గర లీకులు.

డబ్బా మీది అంకెలు చూసేటప్పుడు ఒక మోసం ఉంది, మోసం అనడం కాస్త ఎక్కువేమో గానీ చూసేవాళ్లు తప్పకుండా పొరబడతారు. "మ్యాక్స్ హెడ్ 15 మీటర్లు, మ్యాక్స్ ఫ్లో 30 లీటర్లు" అని పక్కపక్కనే రాస్తారు. ఇక్కడ హెడ్ అంటే షవర్ హెడ్ కాదు, పంపు నీళ్లని ఎంత ఎత్తుకి నెట్టగలదో ఆ ఎత్తు. ఆ రెండూ ఒకేసారి రావు. 15 మీటర్ల హెడ్ దగ్గర వచ్చే నీళ్లు సున్నా, 30 లీటర్లు వచ్చేటప్పుడు హెడ్ సున్నా. మీకు కావాల్సింది మధ్యలో, 10 మీటర్ల హెడ్ దగ్గర నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందో ఆ అంకె. అది కంపెనీ ఇచ్చే గ్రాఫ్‌లో ఉంటుంది. గ్రాఫ్ చూపించని పంపుని నేనైతే కొనను.

ఇక రకాలు. మీరు ఆన్‌లైన్‌లో చూసిన చిన్న బూస్టర్లలో ఫ్లో స్విచ్ ఉంటుంది. కుళాయి తిప్పగానే నీళ్లు కదిలితే ఆన్ అవుతుంది, ఆగితే ఆఫ్. అది ఆన్ కావాలంటే పంపు లేకుండానే నిమిషానికి ఒకటి, రెండు లీటర్లైనా వాటంతట అవి పారాలి. మీకు ఎలాగూ కొంచెం వస్తున్నాయి కాబట్టి ఇది సరిపోతుంది. షవర్ ట్యాంకు మట్టానికి సమానంగానో ఇంకా పైనో ఉంటే మాత్రం ఈ రకం కదలదు, ప్రెషర్ స్విచ్ ఉన్నదే తీసుకోవాలి. ప్రెషర్ స్విచ్ రకానికి చిన్న ప్రెషర్ ట్యాంకు కూడా జతగా వస్తుంది, ఉదాహరణకి 1.5 బార్‌కి పడిపోతే ఆన్, 2.5 బార్‌కి చేరితే ఆఫ్. మూడోది ఇన్వర్టర్ పంపు, వాడకాన్ని బట్టి వేగం మార్చుకుంటుంది, చప్పుడు తక్కువ, రెండు షవర్లు ఒకేసారి తిప్పినా ప్రెషర్ పడిపోదు, కానీ లోపల ఎలక్ట్రానిక్స్ ఉంటాయి కాబట్టి వోల్టేజీ ఎగిరెగిరి పడే చోట నేను సిఫారసు చేయను.

బిగించడం సంగతి. పంపు ట్యాంకు పక్కనే, ట్యాంకు అడుగు కన్నా కింద ఉండాలి, అప్పుడు నీళ్లు వాటంతట అవే పంపులోకి దిగుతాయి. ట్యాంకు నుంచి పంపుకి వచ్చే పైపు పంపు మూతి కన్నా సన్నగా ఉండకూడదు. పంపుకి ముందు ఒక వాల్వ్, జాలీ ఫిల్టర్, తర్వాత ఇంకో వాల్వ్, రెండువైపులా యూనియన్లు (మర తిప్పి విప్పుకోగలిగే జాయింట్లు). యూనియన్లు పెట్టకుండా నేరుగా అతికించేస్తే రేపు పంపు రిపేరుకి పైపు కోయాల్సిందే. వీటికి తోడు పంపుని దాటేసి పోయే బైపాస్ పైపు ఒకటి, అందులో ఎన్‌ఆర్‌వీ, అంటే నీళ్లని ఒక దిక్కుకే పోనిచ్చే వాల్వ్. కరెంటు లేనప్పుడు కనీసం పాత సన్నటి ధారైనా వస్తుంది. పంపు మీద బాణం గుర్తు నీళ్లు పోయే దిక్కుకే ఉందో లేదో చూసుకోండి. మొదటిసారి ఆన్ చేసే ముందు లోపల గాలి లేకుండా నీళ్లు నింపాలి, ఉత్తగా తిరిగితే సీలు కాలిపోతుంది. కింద రబ్బరు ప్యాడ్లు, పైపులకి ఒక అడుగు ఫ్లెక్సిబుల్ గొట్టం పెడితే గోడల్లోంచి వచ్చే గుర్రు చాలావరకు తగ్గుతుంది.

ఈ పైపుల పని చేతనైతే మీరే చేసుకోండి. వైరింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి. విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేది), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది), సరైన ఎర్తింగ్, ఈ మూడింట్లో ఏదీ మానొద్దు, ఎందుకంటే ఆ నీళ్ల కింద నిలబడేది మీరే. వీధి నుంచి వచ్చే సరఫరా పైపుకి నేరుగా పంపు పెట్టడం చాలాచోట్ల నేరం. నేరమని కాకపోయినా, పంపు లాగినప్పుడు ఆ పైపులో ఎక్కడైనా పగులు ఉంటే చుట్టూ ఉన్న మురికి మీ ఇంట్లోకి, పక్కవాళ్ల ఇంట్లోకి వస్తుంది.

ప్రశ్న: చన్నీళ్ల లైనుకి బూస్టర్ పెట్టించాం. చన్నీళ్లు జోరుగా వస్తున్నాయి, కానీ మిక్సర్‌లో వేడినీళ్లు పూర్తిగా ఆగిపోయాయి. గీజర్ పాడైందా?

గీజర్ బాగానే ఉంది. పంపు పెట్టిన చోటే తప్పు.

మిక్సర్‌లో రెండు లైన్లు కలుస్తాయి. ఒకదాంట్లో 1.2 బార్, ఇంకోదాంట్లో 0.2 బార్ ఉంటే గట్టిది బలహీనమైనదాన్ని వెనక్కి తోసేస్తుంది. మీ చన్నీళ్లు మిక్సర్‌లోంచి వేడినీళ్ల పైపులోకే పోతూ ఉండొచ్చు. గీజర్‌కీ చన్నీళ్లకీ లైను ఎక్కడ విడిపోతుందో అక్కడికి ముందు పంపు ఉండాలి, అప్పుడు రెండింటికీ సమానంగా అందుతుంది. అలా మార్చడానికి వీల్లేకపోతే ట్విన్ పంపులు ఉంటాయి, ఒకే మోటారుకి రెండు ఇంపెల్లర్లు (నీళ్లని తోసే చక్రాలు), చన్నీళ్లకి ఒకటి, వేడినీళ్లకి ఒకటి.

మార్చే ముందు గీజర్ ప్లేటు చదవండి. రేటెడ్ ప్రెషర్ 0.8 మెగాపాస్కల్ అని ఉంటే 8 బార్ అని అర్థం, మీ చిన్న బూస్టర్ దాని దరిదాపుల్లోకి కూడా రాదు. 0 అని ఉంటే అది ఓపెన్ అవుట్‌లెట్ రకం, అంటే నీళ్లు బయటికి పోయే దారి ఎప్పుడూ తెరిచే ఉండాల్సింది, ప్రెషర్ లైనుకి పెట్టకూడదు. ఇంకొకటి, కొన్ని ఇళ్లలో గీజర్ వేడినీళ్ల పైపు నుంచి ఒక గాలి పైపు డాబా మీదికి తీసి వంచి వదిలేస్తారు. ఇప్పుడు గీజర్‌కి ముందు పంపు పెడితే నీళ్లు ఆ పైపులోంచి పైకి ఎగజిమ్ముతాయి, 1 బార్ అంటేనే 10 మీటర్లు లేస్తాయి కదా. ఆ పైపుని ఊరికే మూసేయకండి. గీజర్‌కి సేఫ్టీ వాల్వ్ ఉందా, దాని లివర్ ఎత్తితే నీళ్లు వస్తున్నాయా అని తెలిసిన మనిషితో చూపించాకే మూయాలి. వేడెక్కి ఉబ్బిన నీటికి బయటికి దారి ఒకటి ఉండి తీరాలి.

సోలార్ హీటర్ ఉన్నవాళ్లకి ఇక్కడే ఒక హెచ్చరిక. ప్రెషర్ తట్టుకోని రకం సోలార్ ట్యాంకుకి ముందు పంపు పెడితే ట్యాంకు చీలుతుంది. దాని అవుట్‌లెట్ తర్వాతే పెట్టాలి, అదీ అంత వేడి నీళ్లకి పనికొస్తుందని ప్లేటు మీద రాసి ఉన్న పంపే.

ప్రశ్న: మా ప్రెషర్ పంపు రాత్రిళ్లు ఎవరూ వాడకపోయినా దానంతట అదే ఆన్ అయి ఆగిపోతోంది. స్మార్ట్ ప్లగ్ పెట్టి రాత్రి పదకొండుకి ఆఫ్ అయ్యేలా షెడ్యూల్ చేస్తే సరిపోతుందా?

ఆఫ్ చేస్తే చప్పుడు పోతుంది, లీకు ఉంటుంది. మీరు వాడకపోయినా లైనులోంచి నీళ్లు ఎక్కడికో పోతున్నాయి, ప్రెషర్ కొద్దికొద్దిగా పడిపోతోంది, అందుకే పంపు లేస్తోంది.

స్మార్ట్ ప్లగ్‌తో నిజంగా పనికొచ్చే పని వేరే ఉంది. కరెంటు వాడకం కొలిచే రకం తీసుకుని ఒక రాత్రి గ్రాఫ్ చూడండి. పద్ధతిగా ప్రతి పన్నెండు నిమిషాలకో, ఇరవైకో ఒక గీత లేస్తుంటే ఎక్కడో ఒకే వేగంతో కారుతోందని అర్థం. అప్పుడు ఒక్కో బాత్రూం వాల్వ్ మూస్తూ, గీతల మధ్య ఎడం ఎప్పుడు పెరుగుతుందో చూస్తే దొంగ ఏ గదిలో ఉన్నాడో ఫోన్‌లోనే దొరుకుతాడు. ఎక్కువసార్లు అది ఫ్లష్ ట్యాంకే. అందులో కొంచెం రంగు కలిపి అరగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి, కిందికి రంగు దిగితే లోపలి రబ్బరు వాషర్ మార్చాలి.

ప్లగ్ కొనేటప్పుడు మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్ల కరెంటు లాగుతుందని గుర్తు పెట్టుకోండి, మోటారు లోడ్‌కి రేటింగ్ ఉన్నదే తీసుకోండి, తడి తగలని చోట పెట్టండి. యాప్‌లో "కరెంటు తిరిగి వచ్చాక ఏ స్థితిలో ఉండాలి" అనే సెట్టింగ్‌ని ఆన్‌లో ఉంచండి. లేకపోతే కరెంటు పోయి వచ్చాక ప్లగ్ ఆఫ్‌లోనే ఉండిపోతుంది, మీరు ఒంటి నిండా సబ్బుతో ఫోన్ ఎక్కడుందో వెతుక్కోవాలి.

అన్ని వాల్వ్‌లూ మూసినా పంపు లేస్తోందా? అప్పుడు ఎన్‌ఆర్‌వీ సరిగ్గా మూసుకోవట్లేదు, నీళ్లు వెనక్కి ట్యాంకులోకి పోతున్నాయి. అలా కాకుండా, కుళాయి తిప్పినప్పుడు పంపు టకటకా ఆన్, ఆఫ్ అవుతోందంటే ప్రెషర్ ట్యాంకులో గాలి తగ్గింది. టైర్లకి వాడే గేజ్‌తోనే చూడొచ్చు, పంపు ఆన్ అయ్యే ప్రెషర్ కన్నా 0.2 బార్ తక్కువ ఉండాలి, అంటే 1.5కి ఆన్ అయ్యే పంపుకి 1.3. గేజ్ పెట్టే ముందు పంపు ఆపి, కుళాయి విప్పి లైనులో నీళ్లన్నీ పోనివ్వండి, లేకపోతే గేజ్ చూపించేది గాలిది కాదు, నీళ్ల ప్రెషర్.