మీ మాట గుమ్మం దాటుతున్నంత కాలం ఏ కౌన్సెలింగూ పనిచేయదు

ప్రశ్న: నా వయసు 31. పెళ్లయి ఆరేళ్లు, నాలుగేళ్ల బాబు. నిజాంపేటలో ఉంటాం. మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10 వరకు ఇంటి నుంచే ఉద్యోగం. అత్తగారు మాతోనే ఉంటారు. కుక్కర్ ఎన్ని విజిల్స్ వచ్చిందన్న దగ్గర్నుంచి అన్నిటికీ వంకే. మా వారు ఏమడిగినా మాట్లాడరు. గట్టిగా అడిగితే ‘ఇది కూడా మీ అమ్మకు చేరాల్సిందేనా’ అని లేచి వెళ్లిపోతారు. మొన్న గొడవైనప్పుడు అమ్మ లైన్లోనే ఉంది, అంతా విని చాలా బాధపడింది. రోజూ లాగాఫ్ అయ్యాక గుంటూరులో ఉన్న అమ్మతో గంటసేపు మాట్లాడితేగానీ మనసు తేలికపడదు. అయినా 2 దాకా నిద్ర పట్టడం లేదు. ఆయన ఎప్పుడూ చేయి చేసుకోలేదు. ఎవరికీ తెలియకుండా ఆన్‌లైన్ కౌన్సెలింగ్ తీసుకోవాలనుకుంటున్నా. ఫలితం ఉంటుందా? ఏ యాప్ మంచిది? అమ్మ కూడా వీడియోలో పక్కన ఉంటానంటోంది. – ఓ సోదరి

జవాబు: యాప్ సంగతి తర్వాత చూద్దాం. కుక్కర్ విజిల్స్ సంగతి అసలు పక్కన పెట్టేయండి. ఉదయం వంట అత్తగారికే అప్పగించండి, లేదంటే ‘సరే అత్తయ్యా, రేపు మీరు చెప్పినట్టే’ అని ఊరుకోండి. ఒకే వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లున్న ఏ ఇంట్లోనైనా ఉండేదే ఇది. దీనికోసం డబ్బు కట్టి సెషన్ తీసుకోనక్కర్లేదు.

అసలు సమస్య మీరు మామూలుగా రాసేసి దాటిపోయిన వాక్యంలో ఉంది. భార్యాభర్తలు గొడవపడుతుంటే మీ అమ్మగారు లైన్లో ఉన్నారు. ఫోను బల్ల మీద అలాగే ఉంది, మీరు కట్ చేయలేదు. కోపంలో ఆయన అన్న ప్రతి మాటా మీ అమ్మగారి చెవిన పడింది. తెల్లారేసరికి మీరిద్దరూ సర్దుకుని బాబును స్కూలుకు తయారు చేసి ఉంటారు. గుంటూరులో ఆవిడకు మాత్రం ఆ మాట అలాగే మిగిలిపోయింది. పండక్కి వెళ్లినప్పుడు ఆవిడ మొహంలో అది ఆయనకు కనిపిస్తుంది. నోరు విప్పితే ఇంకో ఇంటికి చేరుతుందని తెలిశాక ఏ మనిషైనా మాట్లాడటం మానేస్తాడు. ఆయన మౌనానికి వేరే కారణాలూ ఉండొచ్చుగానీ, ఆయన నోటితో చెప్పిన కారణం ఇదే. ‘మీ అమ్మకు చేరాల్సిందేనా’ అన్న ప్రశ్నకు మీరింతవరకు జవాబివ్వలేదు.

అమ్మ దగ్గర కష్టం చెప్పుకోవడం తప్పనను. ఆయన చేయి చేసుకుంటే, బెదిరిస్తే, మీ జీతం లాక్కుంటే ఆ రోజే అమ్మకూ నాన్నకూ చెప్పాలి, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి, ప్రమాదమనిపిస్తే 112కు చేయాలి. ఆయన ఎప్పుడూ చేయి చేసుకోలేదని మీరే రాశారు, మిగతావీ లేవనే అనుకుంటున్నా. అలాంటప్పుడు కాపురాన్ని ఏ పూటకా పూట అమ్మకు ఒప్పజెప్పడం ఆవిడకూ మంచిది కాదు. దూరంగా ఉండి ఏమీ చేయలేని పెద్దావిడకు రోజూ రాత్రి 10 దాటాక ఒక గొడవ మోసుకెళ్లి ఇస్తున్నారు. మీ కాపురం మంచీచెడూ తేల్చుకోవాల్సింది మీరు. ఆ పని ఇంకెవరికి అప్పగించినా మీ ఆత్మగౌరవమే తగ్గుతుంది, అది కన్నతల్లికైనా సరే.

నిద్ర పట్టకపోవడానికీ ఆ ఫోనుకూ సంబంధం ఉంది. 10 గంటలకు స్క్రీన్ ఆపి, వెంటనే పగలు జరిగిందంతా మొదటి నుంచి తిరిగి చెబుతున్నారు. చెబుతున్నప్పుడు తేలికగా అనిపిస్తుంది, కానీ కోపం మళ్లీ రేగుతుంది. శరీరం గొడవలో ఉన్నట్టే ఉంటుంది. కౌన్సెలింగ్ కూడా ఇక్కడే దెబ్బతింటుంది. చెప్పాల్సిందంతా రోజూ అమ్మకు చెప్పేస్తే వారానికి ఒకసారి వచ్చే సెషన్‌కు చల్లారిన మాటలు, అమ్మ ఇచ్చిన తీర్పులు మాత్రమే వస్తాయి. అమ్మ పక్కన కూర్చుంటే ఇక చెప్పేదేముంది, అమ్మకు నచ్చేవే చెబుతారు.

కాబట్టి మూడు వారాలు ఇలా చేయండి. అమ్మకు ఫోను రోజుకు ఒక్కసారే, బాబు స్కూలుకెళ్లాక ఉదయం 9:30కి, 15 నిమిషాలు. ఆరోగ్యం, బంధువులు, బాబు అల్లరి, ఏమైనా మాట్లాడండి. ఆయన గురించి, అత్తగారి గురించి వద్దు. ఆవిడకు ముందే చెప్పండి: ‘అమ్మా, నా ఇంటి విషయాలు కొన్నాళ్లు నేనే చూసుకుంటా. నీ మీద కోపం లేదు. ప్రాణం మీదికొచ్చేదేదైనా ఉంటే ముందు నీకే చెబుతా.’ ఇంతే, వివరణలోకి దిగొద్దు. మూడో రోజుకో నాలుగో రోజుకో ఆవిడ ఏడుస్తారు, బీపీ పెరిగిందంటారు, నాన్నగారి చేత ఫోన్ చేయిస్తారు, పిన్ని కూడా రంగంలోకి దిగుతుంది. చాలామంది అక్కడే మెత్తబడి పాత పద్ధతికి వచ్చేస్తారు. బీపీ సంగతి నిజంగా కనుక్కోండి, మాత్ర వేసుకుందో లేదో అడగండి, డాక్టరు దగ్గరికి పంపండి. కాపురం సంగతి మాత్రం ఎత్తకండి.

మీ వారితో ఒక్క మాట అనండి: ‘మీరడిగింది నిజమే. ఇకపై మన మాటలు అమ్మకు వెళ్లవు.’ దానికి బదులుగా ఆయనేదో చేయాలని అడగొద్దు. మొదటి రెండు వారాలు ఆయన నమ్మరు. మీరు ఫోను పట్టుకున్నప్పుడల్లా గమనిస్తారు. గమనించనివ్వండి.

ఇక మీరడిగింది. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఫలిస్తుంది, ఎదురుగా కూర్చున్నట్టే. ఏ యాప్ అని కాదు, ఏ మనిషి అని చూసుకోండి. కౌన్సెలర్ అని రాసుకోవడానికి మన దగ్గర పెద్ద అడ్డేమీ లేదు, చిన్న కోర్సు చేసినవాళ్లూ రాసుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్టయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడగండి. చెప్పడానికి తటపటాయిస్తే వదిలేయండి. తెలుగులో మాట్లాడతారా, సెషన్ ఎన్ని నిమిషాలు (సాధారణంగా 45 నుంచి 50), రద్దు చేస్తే డబ్బు సంగతేంటి, రికార్డు చేస్తారా అన్నవీ ముందే అడగాలి. సైకాలజిస్టు మందులు రాయరు. నిద్ర మాత్రలు కావాలో వద్దో తేల్చాల్సింది సైకియాట్రిస్టు. మీరు చెప్పింది బయటకు పొక్కకూడదన్న హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది, ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలు తప్ప. ముందు ఖర్చు లేకుండా మాట్లాడి చూడాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైంది, 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఎప్పుడైనా బతకాలని లేదనిపిస్తే మూడు వారాలు, సెషన్ తేదీ అని ఆగకండి, వెంటనే ఆ నంబరుకు చేయండి.

ఎవరికీ తెలియకుండా అన్నది నాకు నచ్చలేదు. ఆయనకు చెప్పే తీసుకోండి. జాయింట్ అకౌంట్ నుంచి కడితే మెసేజ్ ఎలాగూ ఆయన ఫోనుకు వెళ్లొచ్చు, అలా తెలిస్తే ఇంకో దాపరికమనుకుంటారు. ‘నిద్ర పట్టడం లేదు, సైకాలజిస్టుతో మాట్లాడుతున్నా’ అంటే చాలు. అత్తగారికి చెప్పక్కర్లేదు.

హాల్లో అత్తగారుంటే పడకగదిలో తలుపేసుకున్నా గొంతు తగ్గించే మాట్లాడతారు, సగం మింగేస్తారు. కారుంటే ఉదయం 11కి బయట నీడలో ఆపి అందులో కూర్చోండి. సెల్లార్‌లో వద్దు, సిగ్నల్ పోతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఆఫీసు చాట్ నోటిఫికేషన్లు ఆపేయండి. నెట్ ఆగిపోతుంటే వీడియో తీసేసి గొంతుతోనే కొనసాగించండి. సెషన్ అయ్యాక కనీసం అరగంట ఖాళీ ఉంచుకోండి, నేరుగా మీటింగులోకి దూకితే అక్కడ అనుకున్నదేదీ నిలవదు.

మొదటి సెషన్‌లో పెద్దగా సలహాలేమీ రావు. వివరాలు అడుగుతారు: నిద్ర, తిండి, పెంపకం, పెళ్లి. ‘ఏమీ చెప్పలేదు’ అని మానేయొద్దు, నాలుగైదు చూశాకే తేల్చుకోండి. మీ వారిని ఇప్పుడే లాక్కురావద్దు. ఆయన నోరు విప్పడం మొదలుపెట్టాక ఇద్దరూ కలిసి వెళ్లాలనుకుంటే, మీతో విడిగా మాట్లాడినవారే జంటగా చూస్తారా అని అడగండి. చాలామంది వేరేవాళ్ల దగ్గరికి పంపుతారు, అదే మంచిది కూడా. ఆయన దృష్టిలో వారు మీ మనిషి అయిపోయి ఉంటారు కనుక.