బతుకమ్మకు అట్లనే పోవచ్చా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది హన్మకొండ, నాకు 46 ఏళ్లు. నిరుడు క్యాన్సర్ అని ఎడమ రొమ్ము మొత్తం తీసేశారు, చంకలో గడ్డలు కూడా తీశారు. కీమో, రేడియేషన్ అయిపోయాయి. మొన్నొక పెళ్లికి మా ఆడబిడ్డ బలవంతం మీద జాకెట్లో స్పాంజి పెట్టుకుని పోతే, వంగి వడ్డించి లేచేసరికి అది మెడ దాకా ఎక్కింది, సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుండం దగ్గరికి "అట్లనే వస్తవా, మంది ఏమనుకుంటరు" అంటోంది. ఆపరేషనప్పుడు చూడొచ్చినవాళ్లంతా మా ఆయనతో "పాపం, తిండికి ఎంత గోసైతుందో" అన్నారు. 20వ రోజు నుంచే వంట నాదే. నేనింకా ఆడదాన్నేనా అనిపిస్తోంది.

జవాబు: చెల్లీ, నువ్వు అంటున్నా, ఏమనుకోకు. స్పాంజి సంగతి తర్వాత, ముందు ఆ "పాపం" దగ్గరే నాకు ఒళ్లు మండింది. కోత నీకు, పరామర్శ ఆయనకా!

అమెరికాలో ఆడ్రీ లార్డ్ అనే నల్లజాతి కవయిత్రికి 1978లో ఒక రొమ్ము తీసేశారు. పది రోజులకు కుట్లు విప్పించుకోవడానికి, లోపల ఏమీ పెట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి పోతే అక్కడి నర్సు, ఏదో ఒకటి పెట్టుకుని రావాలి, లేకుంటే ఇక్కడికి వచ్చేవాళ్లు డీలా పడతారంది. ఇజ్రాయెల్ సేనాని మోషే దయాన్ పోయిన కంటికి నల్ల పట్టీ కట్టుకుని తిరిగితే వీరుడన్నారు, గాజు కన్ను పెట్టుకో అని ఒక్కరూ అనలేదు కదా, మరి నన్నెందుకు అంటున్నారు అని ఆమె నిలదీస్తూ రాసింది. మీ ఆడబిడ్డ మాట, ఆ నర్సు మాట ఒకటే, చూసేవాళ్లకు ఇబ్బంది కాకుండా నువ్వు సర్దుకోవాలట.

అట్లాగని పెట్టుకుంటే తప్పనను. ఒకవైపే బరువుంటే కొందరికి మెడ, భుజం లాగుతాయి, అలాంటప్పుడు రొమ్ము ఆకారంలో బరువుండే సిలికాన్‌ది నయం, గాయం పూర్తిగా మానింది కదా. లేదా అద్దంలో చీరకట్టు బాగుందని నీకే అనిపించవచ్చు. అప్పుడు టైలర్‌తో జాకెట్ లోపల మెత్తటి నూలు గుడ్డతో చిన్న సంచి కుట్టించుకో, ఎంత వంగినా పైకి ఎక్కదు. వద్దనిపిస్తే పైట సర్దుకుని అట్లనే పో.

ఆడదాన్నేనా అంటే, రొమ్ముతో పాటు జుట్టు, నిద్ర కూడా పోయి ఉంటాయి, దుఃఖం రాకుండా ఎట్లా ఉంటుంది? ఏడుపొస్తే ఏడువు. "ప్రాణం దక్కింది కదా, ఇంకేంది" అనేవాళ్ల కోసం నవ్వాల్సిన పనిలేదు.

ఆ ఎడమ చేతిని మాత్రం కనిపెట్టుకుని ఉండు. చంకలో గడ్డలు తీస్తే అక్కడ నీరు సరిగా పోక కొందరికి చేయి వాస్తుంది, ఏళ్ల తర్వాతైనా రావచ్చు. ఎప్పటి గాజులే ఉన్నట్టుండి బిగుతైతే ఆగకుండా డాక్టర్‌కు చూపించు. బియ్యం సంచి, నీళ్ల బిందె ఎత్తడానికి మీ ఆయనకు రెండు చేతులూ బాగానే ఉన్నాయి, వంట కూడా ఆ చేతులకు వస్తుంది, రాకుంటే నేర్చుకుంటాడు.

డాక్టర్ వద్దనకుంటే చప్పట్లు కొట్టి ఆడు, పట్టేసిన భుజానికి మంచిదే. గునుగు, తంగేడు నిండా పేర్చిన తాంబాళం గుండం దాకా మోసే పని మీ ఆయనకు అప్పజెప్పు.