చేతికి అంటితే ఏడ్చే బాబు

ప్రశ్న: మాది అనంతపురం. మా బాబుకు రెండున్నరేళ్లు. చేతికి ఏదైనా జిగటగా అంటితే వెంటనే ఏడుస్తాడు. సంగటి, పెరుగన్నం ముట్టుకోడు, చెంచాతో పెడితేనే తింటాడు. ఊరికి వెళ్లినప్పుడు మట్టిలో దించితే చేతులు పైకెత్తి అలాగే నిలబడిపోతాడు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడు. మాటలు బాగానే వస్తున్నాయి, పిలిస్తే పలుకుతాడు, తోటి పిల్లలతో ఆడతాడు. మేము మేడపైన అద్దె ఇంట్లో ఉంటాము, పెరడు లేదు. ఇంద్రియాల ఎదుగుదల కోసం తయారుచేసిన ఆటసామాను పెట్టె ఆన్‌లైన్‌లో నాలుగు వేల రూపాయలకు దొరుకుతుందని తెలిసినవారు చెప్పారు. మా అత్తగారేమో నాలుగు రోజులు మట్టిలో వదిలేస్తే వాడే అలవాటు పడతాడంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ పెట్టె కొనవలసిన అవసరం లేదు. మీ అత్తగారి మాటలో సగం మాత్రం నిజం. మట్టి, నీళ్లు, గింజలు, పిండి పిల్లవాడి చేతికి అందాలన్నది నిజమే. కానీ ఏడుస్తున్నవాడిని అందులో వదిలేస్తే వాడు మట్టికి అలవాటు పడడు సరికదా, మట్టిని చూడగానే భయపడడం నేర్చుకుంటాడు. ముట్టుకోవాలా వద్దా, ఎంతసేపు ముట్టుకోవాలి అన్నది వాడి చేతిలోనే ఉండాలి. మీరు చేయవలసిందల్లా ఆ అవకాశం రోజూ వాడి ముందుండేలా చూడడం.

మనం ఇంద్రియాలు ఐదు అనుకుంటాము. లోపలి చెవిలో ఉండి శరీరం కదలికను, పడిపోకుండా నిలిపే సమతూకాన్ని తెలిపే జ్ఞానం ఒకటి, కండరాలూ కీళ్లూ ఎక్కడున్నాయో, ఎంత బలం పెడుతున్నాయో తెలిపే జ్ఞానం మరొకటి వీటికి తోడుగా ఉన్నాయి. ఈ కబుర్లన్నిటినీ మెదడు ఒకచోట కూర్చుకోవడం గురించి అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోవడానికి తోడ్పడే చికిత్సకురాలు) జీన్ ఏర్స్ 1972లో ఒక గ్రంథం వెలువరించారు. కొందరు పిల్లలకు స్పర్శ, శబ్దం మనకంటే చాలా గట్టిగా తగులుతాయి. మనకు కేవలం జిగట అనిపించేది వాడికి భరించలేనిదిగా ఉంటుంది కాబట్టి, అది మొండితనమని గాని, గారాబమని గాని అనుకోవద్దు. దాన్ని జబ్బు అనుకోవలసిన పని కూడా లేదు. దీన్ని విడిగా ఒక రోగంగా నిర్ధారించవద్దని అమెరికా శిశువైద్యుల అకాడమీయే 2012లో వైద్యులకు సూచించింది.

ఇక చేయవలసిన పని. మీ ఇంట్లో ఉగ్గాని చేసే రోజే మొదలుపెట్టండి. ఒక వెడల్పాటి గిన్నెలో పొడి బొరుగులు పోసి బాబు ముందు పెట్టండి. అవి తేలికగా, గలగలలాడుతూ ఉంటాయి, చేతికి అంటవు కాబట్టి చాలామంది పిల్లలు వాటికి వెనకాడరు. గుప్పిట పట్టడం, గరిటెతో ఒక గిన్నెలోంచి మరో గిన్నెలోకి పోయడం, చేతులు లోపలికి దూర్చి దాచుకోవడం వాడికే తోస్తాయి. ఆ తరువాత వాడు చూస్తుండగానే బొరుగులను నీళ్లలో వేయండి. అవి మొదట తేలి, తరువాత మెత్తబడతాయి. వాటిని మీరు గుప్పిట పట్టి పిండుతుంటే నీళ్లు కారడం చూసి వాడికీ పిండాలనిపించవచ్చు. అలా పిండేటప్పుడు చేతికి తడి తగులుతుంది, కండరానికి పని దొరుకుతుంది, జిగట మాత్రం ఉండదు. ఆ రోజు ఒక్క వేలితోనే తాకి ఊరుకున్నా చాలు, అది ముందడుగే. పక్కనే ఒక చిన్న గిన్నెలో నీళ్లు, తుడుచుకునే గుడ్డ ఉంచండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు చేతులు శుభ్రం చేసుకోవచ్చని తెలిసిన పిల్లవాడికి ముట్టుకునే ధైర్యం వస్తుంది.

దీనికి అలవాటు పడ్డాక జొన్నరొట్టె పిండికి రండి. వేడినీళ్లతో కలిపిన పిండి బాగా చల్లారాక నిమ్మకాయంత ముద్ద వాడికివ్వండి. పైన పొడిపిండి చల్లితే అంటుకోదు. మీరు రొట్టె తడుతుంటే ఆ చప్పుడు విని వాడూ తడతాడు. సంగటిని చివరికి ఉంచండి. ముద్ద కట్టేటప్పుడు అంటకుండా మీరు చేయి తడుపుకుంటారు కదా, ఆ కిటుకునే వాడికీ నేర్పండి. ఇదంతా వారంలో జరగకపోవచ్చు. కొన్ని నెలలు పట్టినా కంగారుపడకండి, తినేటప్పుడు చెంచా మాన్పించకండి.

బరువు మోయడం, లాగడం, నెట్టడం వల్ల పిల్లలు నెమ్మదిస్తారన్నది చికిత్సకుల అనుభవం. చిన్న చెంబుతో నీళ్లు తెచ్చి మొక్కలకు పోయడం, ఉతికిన బట్టల బుట్టను గది దాకా నెట్టుకురావడం వంటి పనులు మేడమీద ఇంట్లోనూ దొరుకుతాయి. చీర ఉయ్యాలలో నెమ్మదిగా ముందుకూ వెనక్కూ ఊపండి, గిరగిర తిప్పవద్దు. మిక్సీ వేసేముందు చెప్పండి. వాడిష్టపడితే మీ చేతిమీద వాడి చేయి వేయించి స్విచ్ నొక్కించండి. చప్పుడు ఎప్పుడొస్తుందో ముందే తెలిస్తే దాని భయం చాలా తగ్గుతుంది. ఎండాకాలంలో మన ఊళ్లో మిద్దె పైకప్పు పాదాలు కాలేంత వేడెక్కుతుంది కాబట్టి, వట్టి కాళ్ల ఆటలు ఉదయమే ఆడించండి.

జాగ్రత్త విషయంలో మాత్రం నేను కచ్చితంగా ఉంటాను. మన ఇళ్లలో శెనక్కాయలు లేని రోజుండదు. నాలుగేళ్లు దాటేవరకు ఆ గింజలను ఆటకు గాని, తినడానికి గాని ఇవ్వకండి. అవి శ్వాసనాళంలో ఇరుక్కుంటే ప్రాణాపాయం. చిక్కుడు గింజలు, శనగలు ముక్కులో పెట్టుకునే వయసు కూడా ఇదే. కొద్ది అంగుళాల లోతు నీళ్లున్న బకెట్‌లోనూ పిల్లలు మునిగిపోతారు, అందుకే నీళ్లాట ముగియగానే పారబోయండి. కారం దంచిన చేతులతో వాడి ఆటసామాను ముట్టుకోకండి.

మీరు చెప్పినదాన్ని బట్టి తొందర కనిపించడం లేదు. అయితే తినే పదార్థాలు రోజురోజుకూ తగ్గిపోయి బరువు పెరగకపోయినా, వచ్చిన మాటలు పోయినా, పిలిస్తే పలకడం మానేసినా ఆలస్యం చేయవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వచ్చే వైద్యబృందం ఉచితంగా పరీక్షిస్తుంది, అవసరమైతే పిల్లల ఎదుగుదల సమస్యలకు చికిత్స చేసే, డి.ఇ.ఐ.సి. అని పిలిచే జిల్లా స్థాయి చికిత్సాకేంద్రానికి పంపుతుంది. మీ అంగన్‌వాడీ కార్యకర్తను అడగండి.

ప్రశ్న: మా పాపకు పదకొండు నెలలు. చేతికందినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. చేయి పట్టి లాగేస్తున్నాము. ఇది మాన్పించడమెలా? (కడప నుంచి ఒక తండ్రి)

జవాబు: మాన్పించకండి. ఈ వయసులో వస్తువు ఎంత గట్టిది, ఎంత నున్ననిది అన్నది పాప నోటితోనే తెలుసుకుంటుంది. ఊరికే చేయి లాగేస్తే ఆ నేర్చుకోవడం ఆగిపోతుంది. కడిగిన స్టీలు గరిటె, ఉతికిన నూలుగుడ్డ, పెచ్చులు ఊడని చెక్కబొమ్మ ఒక బుట్టలో వేసి ఇవ్వండి. నోట్లో పూర్తిగా పట్టేంత చిన్న వస్తువేదీ అందులో ఉండకూడదు. ముఖ్యంగా రిమోట్లలో, బొమ్మల్లో ఉండే గుండ్రని బొత్తాం బ్యాటరీలను తాళం వేసి దాచండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు కాబట్టి, మింగిందన్న అనుమానం వచ్చినా కక్కించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.