మైసూర్ పాక్ పేరు మార్చాలా?

సందేహం: 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ ముదిరినప్పుడు జైపూర్‌లో కొన్ని మిఠాయి దుకాణాలవాళ్లు మైసూర్ పాక్‌ను 'మైసూర్ శ్రీ' అని పేరు మార్చి అమ్మారు. మా వాట్సాప్ గ్రూపులో దాని మీద ఇప్పటికీ వాదనే. శత్రుదేశపు మాటలు, పాటలు, మనుషులు అన్నిటినీ బహిష్కరించాలంటున్నారు కొందరు. ఉర్దూ మాటలు కూడా మానేయాలా? మనుషుల విషయంలో 'బహిష్కరించు' అనడం సరైన ప్రయోగమేనా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

సమాధానం: ముందు మిఠాయి సంగతి తేల్చేద్దాం. మైసూర్ పాక్‌లోని పాక్ మన పాకమే. సంస్కృతంలో పాకమంటే వండడం, వండినది. మన వంటింట్లో అది బెల్లం పాకమో, చక్కెర పాకమో. అరిసెలు వండేవాళ్లు పాకం చుక్కను నీళ్లలో వేసి, వేళ్లతో దగ్గరికి తీస్తే ఉండ కడుతోందా లేదా అని చూస్తారు. మైసూర్ పాక్‌కు తీగపాకం చాలు. పాకిస్తాన్‌లోని 'పాక్' పారశీక పదం, పవిత్రమైనదని దానికి అర్థం. రెంటికీ ఏ చుట్టరికమూ లేదు.

అయితే ఇక్కడితో ఆపితే మీకు సగం సమాధానమే చెప్పినట్టు. 'ఈ మాట వాళ్లది కాదు, మనదే, కాబట్టి దీని జోలికి రాకండి' అని వాదించామంటే, నిజంగా అటునుంచి వచ్చిన మాట దొరికిన రోజున దాన్ని తరిమేయొచ్చని ఒప్పుకున్నట్టే. అప్పుడు ఏం మిగులుతుందో చూడండి. సరిహద్దు, జవాను, సిపాయి పారశీకం నుంచి వచ్చినవి. ఫౌజు, కవాతు అరబ్బీ మూలాలవి. తుపాకి తుర్కీ నుంచి వచ్చింది. వీటిని తీసేస్తే యుద్ధవార్త కూడా తెలుగులో సాఫీగా రాయలేం. 'జైహింద్'లోని హింద్ సైతం పారశీకుల నోట పలికిన సింధువే. గోల్కొండను ఏలిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలో, అంటే మన దక్కను నేల మీది పాత ఉర్దూలో, కవిత్వం చెప్పిన నాటికి పాకిస్తాన్ అన్న ఊహే ఎవరికీ లేదు. ఉర్దూ ఏ ఒక్క దేశానికో రాసిచ్చిన ఆస్తి కాదు. మన రెండు రాష్ట్రాల్లోనూ అది రెండో అధికార భాష.

అదే మేలో శంషాబాద్‌లో కరాచీ బేకరీ బోర్డు మీద దాడి జరిగింది. 1953లో హైదరాబాద్‌లో ఆ బేకరీ పెట్టిన ఖాన్‌చంద్ రామ్నానీ, దేశవిభజన వేళ ఉన్న ఊరు వదిలి వచ్చిన సింధీ. పోగొట్టుకున్న ఊరి పేరును దుకాణానికి పెట్టుకున్నాడు. ఆ పేరు చెరిపేయమనడం, ఒకసారి ఇల్లు పోయినవాణ్ణి దాని జ్ఞాపకం కూడా ఉంచుకోవద్దనడమే. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగింది. రెండేళ్లకే, 1967లో, మన పార్లమెంటు సింధీని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చేర్చింది. కరాచీ వీధుల్లో వినబడే భాష అని ఎవరూ దాన్ని ఆపలేదు. ఆనాటి పెద్దల ఈ విజ్ఞతను మన భాషాచరిత్రలో మరింత గట్టిగా చెప్పుకోవాలని నా కోరిక.

పేర్ల మీద పగ కొత్తదేమీ కాదు. జర్మన్ పేరులా వినిపిస్తోందని 1914లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌ను పెట్రోగ్రాడ్ చేశారు. 1917లో బ్రిటన్ రాజకుటుంబమే తన జర్మన్ వంశనామం వదిలి విండ్సర్ అయింది. 1918లో అమెరికాలోని అయోవా గవర్నర్ బడిలో, గుడిలో, రైల్లో, ఆఖరికి టెలిఫోన్‌లో కూడా ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడకూడదని ప్రకటన జారీ చేశాడు.

మన దగ్గర 1962 ఉంది. చైనాతో యుద్ధం రాగానే అస్సాం, డార్జిలింగ్ ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న చైనా మూలాల కుటుంబాలను పిల్లాపాపలతో సహా రైలెక్కించి రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో నిర్బంధించారు. సుమారు 3,000 మంది. వాళ్లలో చాలామంది చైనా ముఖం కూడా చూసినవాళ్లు కాదు. కొందరికి ఏళ్ల తరబడి విడుదల లేదు. రాయలసీమలో చీనీకాయలు మాత్రం నేటికీ చీనీకాయలే. పండు పేరు నిలిచింది, మనుషులకు ఇళ్లు పోయాయి. అందుకే మీ ప్రశ్నలో రెండో భాగమే నాకు ముఖ్యమనిపించింది.

తెలుగులో 'బహిష్కరించు' ఎక్కువగా వస్తువులకూ, పనులకూ వాడతాం: విదేశీ వస్త్ర బహిష్కరణ, ఎన్నికల బహిష్కరణ. అదే మాట మనుషుల మీద వాడామంటే అది వెలి. ఊళ్లో ఒకరికి నీళ్లు, నిప్పు, పని, పలకరింపు ఆపేయడమే వెలి. దళిత, గిరిజనుల మీద అలాంటి సాంఘిక బహిష్కరణ 2015 చట్టసవరణతో శిక్షార్హమైన నేరమైంది. ఒక దేశపు సరుకు కొనననడం, పాట వినననడం మీ ఇష్టం. దానికి 'మానుకోవడం' అన్న మంచి మాట ఉంది. వ్యాపారం ఆపడం, వీసాలు ఆపడం ప్రభుత్వాల పని. పుట్టుకను బట్టి మనిషిని దూరం పెట్టడానికి మాత్రం 'వెలి' తప్ప మరో పేరు లేదు.

గరిమెళ్ళ సత్యనారాయణ 'మాకొద్దీ తెల్ల దొరతనము' అన్నాడు. వద్దన్నది దొరతనాన్ని, అంటే ఏలుబడిని. ఆ పాట మార్మోగిన గోదావరి జిల్లాల్లోనే ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌ను ఇప్పటికీ 'కాటన్ దొర' అని తలుచుకుంటారు.

మీ గ్రూపులో రాసేటప్పుడు కర్తను సరిగ్గా పెట్టమనండి. కాల్పులు జరిపింది సైన్యమైతే 'పాకిస్తాన్ సైన్యం' అని, నిర్ణయం తీసుకున్నది ప్రభుత్వమైతే 'పాకిస్తాన్ ప్రభుత్వం' అని రాయాలి. అలాంటి వాక్యంలో 'పాకిస్తానీలు' అని రాస్తే కర్త తప్పవుతుంది.