టెక్ సందేహాలు: ప్లానింగ్ సైట్‌లో ఉద్యోగాలు పోయాయి, మరి మన ట్రిప్ సంగతేంటి?

సెలవులు దగ్గర పడుతున్నాయి కాబట్టి ఈసారి మెయిళ్లలో ఎక్కువ భాగం డిస్నీ పార్కులున్న ఓర్లాండో చుట్టూనే తిరిగాయి. వాటిలో ఒకదానికి కాస్త పెద్ద జవాబే ఇవ్వాల్సి వచ్చింది.

ప్రశ్న: డిసెంబరులో పిల్లలతోనూ, ఇండియా నుంచి వస్తున్న అమ్మానాన్నలతోనూ వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి వెళ్తున్నాం. ఏ రోజు ఏ పార్కులో రద్దీ తక్కువ, ఏ రైడ్ ముందు ఎక్కాలి అని చెప్పే ఒక ప్లానింగ్ సైట్‌కి ఏడాది చందా కట్టాను. రాత్రుళ్లు కూర్చుని నాలుగు పార్కులకూ ప్లాన్లు వేసుకున్నాను. ఇప్పుడేమో ఆ సైట్‌లో చాలామంది సిబ్బందిని తీసేశారని తెలిసింది. నా ప్లాన్లు మాయమైపోతాయా? వేరే సైట్‌కి మారాలా? ఒకటే టెన్షన్‌గా ఉంది. (టెక్సస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రాత్రికి రాత్రి ఏదీ మాయం కాదు. సర్వర్ల అద్దె కడుతున్నంత కాలం సైట్ నడుస్తూనే ఉంటుంది. అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. అందరూ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినా వరండాలో లైటు వెలుగుతున్నట్టు, సైట్ పైకి నిన్నటిలాగే కనిపిస్తుంది. లోపల ఏది తాజాగా ఉంది, ఏది ఎప్పుడో ఆగిపోయింది అన్నది మీరే కనిపెట్టాలి.

ఇలాంటి సైట్‌లో కొన్ని పనులు మనుషులు లేకపోయినా కొంతకాలం నడుస్తాయి. ఉదాహరణకు లైవ్ వెయిట్ టైమ్స్, అంటే ఏ రైడ్‌కి ఇప్పుడు ఎంతసేపు నిలబడాలో చెప్పే అంకెలు. పార్కు తన యాప్‌లో చూపించే అంకెల్నే ఒక ప్రోగ్రామ్ కొన్ని నిమిషాలకోసారి తెచ్చి చూపిస్తుంది. పార్కువాళ్లు యాప్ లోపలి అమరిక మార్చిన రోజున అది ఆగిపోతుంది. అప్పుడు సరిచేసే ఇంజనీరు ఉన్నాడా లేడా అన్నదే ప్రశ్న.

రైడ్ల వరుస తేల్చే లెక్క కూడా అంతే. పది రైడ్లుంటే వాటిని ఎక్కడానికి 36,28,800 వరుసలుంటాయి. పదిహేనుంటే అది లక్ష కోట్లు దాటిపోతుంది. పైగా గంటగంటకూ క్యూ మారుతుంది కాబట్టి ఉదయం బాగున్న వరుస మధ్యాహ్నానికి పనికిరాదు. ఇంత లెక్క చేసేది సాఫ్ట్‌వేరే, దానికి జీతం అక్కర్లేదు. కాకపోతే దానికిచ్చే అంకెలు పాతబడితే జవాబూ పాతదే వస్తుంది.

ఆ అంకెల దగ్గరే మనుషుల పని మొదలవుతుంది. పార్కు బోర్డు మీద రాసే వెయిట్ టైమ్ వేరు, మనం నిజంగా నిలబడే సమయం వేరు. బోర్డు మీది అంకె సాధారణంగా కాస్త ఎక్కువే ఉంటుంది, పార్కు మూసే వేళకైతే మరీను. "60 నిమిషాలు" అని ఉంటే చాలామంది వెనక్కి తిరిగిపోతారు, లోపలికెళ్లినవాళ్లు అంతకంటే చాలా ముందే రైడ్ ఎక్కేస్తారు. క్యూని కొలవడానికి పార్కు సిబ్బంది ఒక ఎర్ర కార్డును క్యూ మొదట్లో ఎవరో ఒకరి చేతికిచ్చి, రైడ్ దగ్గర వెనక్కి తీసుకునేవారు. ప్లానింగ్ సైట్లు ఇదే పనిని ఫోన్ టైమర్‌తో చేస్తాయి: క్యూలోకి అడుగుపెట్టగానే స్టార్ట్, రైడ్ దగ్గరికి చేరగానే స్టాప్. కొన్ని టైమింగులు చందాదారులు పంపినవి, కొన్ని జీతం తీసుకుని పార్కులో తిరిగేవాళ్లు పంపినవి. జీతాల జాబితాలో కోత పడితే ఈ రెండో రకం తగ్గిపోతుంది. అయినా క్యూ సమయాన్ని అంచనా వేసే సాఫ్ట్‌వేర్ మోడల్ నోరు మూసుకోదు. పాత అలవాట్ల మీద లెక్కగట్టి "ఇక్కడ 23 నిమిషాలు" అని అంతే ధీమాగా చెబుతుంది.

అన్నిటికంటే ముందు దెబ్బతినేవి రూల్స్ రాసిన పేజీలు. వీటి చరిత్ర చూస్తే మీకే అర్థమవుతుంది. డిస్నీ 1999లో పొడవాటి క్యూ తప్పించే ఫాస్ట్‌పాస్ తెచ్చింది, అప్పట్లో కాగితం టికెట్. తర్వాత ఫోన్లో బుక్ చేసుకునే ఫాస్ట్‌పాస్ ప్లస్ వచ్చింది, డిస్నీ హోటల్లో దిగేవాళ్లకు 60 రోజుల ముందు, మిగతావాళ్లకు 30 రోజుల ముందు. 2020 మార్చిలో పార్కులు మూతపడ్డాక అది మళ్లీ తిరిగి రాలేదు. 2021 అక్టోబరులో అదే పనికి రోజుకు 15 డాలర్లతో జీనీ ప్లస్ మొదలైంది. 2024 జులై 24న దాని స్థానంలో లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ వచ్చింది. ఇప్పుడు హోటల్ అతిథులకు ఏడు రోజుల ముందు, మిగతావాళ్లకు మూడు రోజుల ముందు. మార్పు వచ్చిన ప్రతిసారీ సైట్‌లో పేజీలు, కోడ్, చివరికి ప్లాన్ వేసే పద్ధతి కూడా తిరగరాయాలి. ఆ తిరగరాసేవాళ్లనే ఇప్పుడు ఇంటికి పంపించింది.

మీ సైట్ ఎంత తాజాగా ఉందో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. నాలుగు పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్ ప్లాన్ తెరిచి టామ్ సాయర్ ఐలాండ్ కనిపిస్తుందేమో చూడండి. దానికి 2025 జులై 6 ఆఖరి రోజు. ఇంకా "పిల్లల్ని కాసేపు అక్కడ ఆడుకోనివ్వండి" అని రాసి ఉంటే ఆ పేజీని చాలాకాలంగా ఎవరూ చూడలేదనే లెక్క. తర్వాత మీ తేదీల్లో ఏ రైడ్లు మరమ్మతుకు మూసి ఉంటాయో డిస్నీ అధికారిక క్యాలెండర్‌లో చూసి, సైట్ చెప్పేదానితో పోల్చండి.

నా మాటగా చెప్పాలంటే, ట్రిప్ ఇంత దగ్గర పెట్టుకుని కొత్త సైట్‌కి మళ్లీ డబ్బు కట్టొద్దు. ఉన్న ప్లాన్లనే వాడుకోండి, కానీ నిమిషాల్ని నమ్మొద్దు, వరుసని నమ్మండి. ఏ రైడ్‌కి పొద్దున్నే పరుగెత్తాలి, దేన్ని సాయంత్రానికి వదిలేయొచ్చు అన్నది నెలనెలా మారే విషయం కాదు. బుకింగులు మాత్రం డిస్నీ సొంత యాప్ మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్‌లోనే చేయండి. డిస్నీ హోటల్లో దిగుతుంటే ఏ పార్కుకైనా అరగంట ముందే వెళ్లనిస్తారు. అమ్మానాన్నలకు నిలబడే బాధ తప్పించడంలో ఆ అరగంట చేసే మేలు ఏ ఆల్గరిథమూ చేయదు. ఇంకొకటి, మల్టీ పాస్ బుకింగ్ తూర్పు అమెరికా టైమ్ ప్రకారం ఉదయం 7కి తెరుచుకుంటుంది. టెక్సస్‌లో చాలాచోట్ల అప్పుడు 6. అలారం చూసి పెట్టుకోండి.

ప్రశ్న: ప్లాన్‌ని సైట్ నుంచి బయటికి తీసి దాచుకోవడం ఎలా? స్క్రీన్‌షాట్లు తీసుకుంటే సరిపోదా?

జవాబు: స్క్రీన్‌షాట్ లేనిదానికంటే నయం. కానీ ఇరవై బొమ్మల్లో కావలసింది వెతుక్కోవడం ఎండలో క్యూలో నిలబడి చేసే పని కాదు. కంప్యూటర్‌లో ప్లాన్ పేజీ తెరిచి, ప్రింట్ నొక్కి, ప్రింటర్ బదులు "సేవ్ యాజ్ పీడీఎఫ్" ఎంచుకోండి. ఆ పీడీఎఫ్‌ని ఫోన్లోకి డౌన్‌లోడ్ చేసుకోండి. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి వదిలేస్తే, నెట్ సరిగా అందని చోట తెరుచుకోకపోవచ్చు.

క్యాలెండర్‌లో పెట్టుకునేవాళ్లు ఒక్క విషయం చూసుకోవాలి. డాలస్‌లో ఇంట్లో కూర్చుని గూగుల్ క్యాలెండర్‌లో "ఉదయం 9, సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్" అని రాశారనుకోండి. అది డాలస్ 9. ఓర్లాండోలో దిగి ఫోన్ టైమ్ మారగానే అదే ఎంట్రీ 10 అని చూపిస్తుంది. రైడ్ల సంగతి సరే, భోజనం రిజర్వేషన్ ఇలా తప్పితే ఇంటిల్లిపాదీ మీ మీద పడతారు. ఎంట్రీ రాసేటప్పుడే టైమ్ పక్కనున్న టైమ్ జోన్ నొక్కి ఈస్టర్న్ టైమ్ పెట్టండి. సైట్ నుంచి ఐసీఎస్ ఫైల్ (క్యాలెండర్‌లోకి ఎక్కించుకునే ఫైల్) దించుకున్నా, మొదటి ఎంట్రీ తెరిచి ఏ జోన్‌లో ఉందో ఒకసారి చూసుకోవడం మంచిది.

ప్రశ్న: నేనూ అలాంటి సైట్‌కే చందా కట్టాను. యాప్ ఫోన్లోంచి తీసేశాను కాబట్టి ఇక డబ్బు కట్ అవదు కదా? ఇప్పుడు వాళ్లు మూడేళ్ల చందా భారీ డిస్కౌంట్‌లో ఇస్తామని మెయిల్ పంపారు, తీసుకోవచ్చా?

జవాబు: కట్ అవుతుంది! యాప్ తీసేయడం వేరు, చందా రద్దు చేయడం వేరు. ఐఫోన్‌లో కట్టినవాళ్లు సెట్టింగ్స్‌లో పైన తమ పేరు నొక్కి సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లాలి. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కితే పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ కనిపిస్తుంది. సైట్‌లో నేరుగా కార్డుతో కట్టి ఉంటే ఈ రెండు చోట్లా కనబడదు, సైట్‌లోని అకౌంట్ పేజీలోనే రద్దు చేయాలి. రద్దు చేసిన పేజీనీ, వచ్చిన మెయిల్‌నీ దాచుకోండి. సిబ్బంది తగ్గిన చోట ముందుగా మూగబోయేది కస్టమర్ సపోర్టే.

రద్దు చేశాక కూడా డబ్బు పట్టుకుంటే, క్రెడిట్ కార్డు వాడినవాళ్లకు అమెరికా చట్టం అండగా ఉంది. ఆ ఛార్జీ మొదటిసారి కనబడిన స్టేట్‌మెంట్ పంపిన రోజు నుంచి 60 రోజుల్లోపు కార్డు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. డెబిట్ కార్డుకు ఇదే రక్షణ ఉండదు.

మూడేళ్ల ఆఫర్ వద్దు. మనుషుల్ని తగ్గించుకుంటూ మూడేళ్ల డబ్బు ముందే అడిగే సైట్ మీద నాకు నమ్మకం లేదు. నెలవారీ చందా ఉంటే ట్రిప్ ఉన్న నెలకి కట్టుకోండి. పనిలో పనిగా మీ ప్రొఫైల్‌లో హోటల్ బుకింగ్ నంబర్లు, పిల్లల వయసులు రాసి ఉంటే తీసేయండి. కంపెనీ చేతులు మారితే ఆ వివరాలు కూడా మారే అవకాశం ఉంది.

ప్రశ్న: ఈ సైట్లన్నీ ఎందుకు? చాట్‌జీపీటీని అడిగితే క్షణంలో ప్లాన్ ఇచ్చేస్తుంది కదా?

జవాబు: ఇస్తుంది, చాలా చక్కని భాషలో ఇస్తుంది. కానీ వెబ్‌లో వెతకమని చెప్పకపోతే తను నేర్చుకున్న నాటి సంగతులే చెప్పే ప్రమాదం ఉంది. స్ప్లాష్ మౌంటెన్ ఎక్కమంటుంది. ఓర్లాండోలో అది 2023 జనవరిలో మూతపడి, 2024 జూన్‌లో టియానాస్ బయూ అడ్వెంచర్‌గా తెరుచుకుంది. లేదా జీనీ ప్లస్ కొనమంటుంది. ఒకవేళ వెబ్‌లో వెతికినా, దానికి దొరికేది ఎవరో పార్కుకి వెళ్లి చూసి రాసిందే. ఆ రాసేవాళ్లకే ఇప్పుడు ఉద్యోగాలు పోతున్నాయి. అలసిపోయే పెద్దవాళ్లుంటే మధ్యాహ్నం విరామం ఎక్కడ పెట్టాలి లాంటి వాటికి చాట్‌బాట్ బాగా పనికొస్తుంది. తేదీలు, ధరలు, మూసివేతలు దాని నోటినుంచి వింటే మాత్రం అధికారిక సైట్‌లో సరిచూసుకోండి.

ప్రశ్న: ప్రయాణాల సైట్ ఒకదాంట్లో డేటా ఇంజనీర్‌ని, హెచ్1బీ మీద ఉన్నాను. మా టీమ్‌లో కోతలు తప్పవని అంటున్నారు. టెక్నికల్‌గా ముందు జాగ్రత్తలేమైనా చెప్పండి.

జవాబు: లాగిన్లతో మొదలుపెట్టండి. 401కే (రిటైర్మెంట్ పొదుపు ఖాతా), ఇన్సూరెన్స్, పేస్లిప్పుల పోర్టల్, ఇమిగ్రేషన్ లాయర్ పోర్టల్, వీటిలో ఏదైనా ఆఫీస్ మెయిల్‌తో ఉంటే ఈ రోజే సొంత మెయిల్‌కి మార్చండి. ఓటీపీ ఆఫీస్ ఫోన్‌కి వస్తుంటే అదీ మార్చండి. లాప్‌టాప్ లాక్ అయ్యాక మార్చుకోవడం పెద్ద తలనొప్పి. ఐ-797 (వీసా ఆమోద పత్రం), పేస్లిప్పులు, డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్నుల పత్రం), ఆఫర్ లెటర్ కాపీలు మీ దగ్గర పెట్టుకోండి.

కోడ్, డేటా, కస్టమర్ల జాబితా మాత్రం ఒక్క ఫైల్ కూడా బయటికి పంపొద్దు. పోర్ట్‌ఫోలియో కోసం అన్నా ఒప్పుకోరు, పైగా లాగ్‌లలో అన్నీ తెలుస్తాయి. చేసిన పని గురించి మీ మాటల్లో రాసుకోండి చాలు. హెచ్1బీ వాళ్లకు ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఐ-94 (దేశంలో ఉండటానికి ఇచ్చిన గడువు చూపే పత్రం) అంతకంటే ముందే ముగిస్తే ఆ రోజు వరకే. చిన్న కంపెనీ అయితే ముందస్తు నోటీసు మీద ఆశ పెట్టుకోవద్దు. 60 రోజుల నోటీసు ఇవ్వాలనే వార్న్ చట్టం స్థూలంగా వందమంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలకే వర్తిస్తుంది. మీ కేసు వివరాలు లాయర్‌తోనే మాట్లాడండి.

ప్రశ్న: మా అబ్బాయికి పైథాన్ వచ్చు. వెయిట్ టైమ్స్ చూపించే ప్రోగ్రామ్ సొంతంగా రాస్తానంటున్నాడు. కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది. క్యూ-టైమ్స్ అనే సైట్ ఉచితంగా ఏపీఐ (ప్రోగ్రామ్ నేరుగా డేటా తెచ్చుకునే దారి) ఇస్తోంది. అది ఐదు నిమిషాలకోసారి అప్‌డేట్ అవుతుంది కాబట్టి అంతకంటే తరచుగా అడగడం అనవసరం. వాళ్ల పేరూ లింకూ చూపించాలన్నది షరతు. వచ్చేవి బోర్డు మీది అంకెలే అని ముందే చెప్పండి. ఇప్పట్నుంచే రోజూ సేవ్ చేస్తూ పోతే డిసెంబరు నాటికి ఏ గంటలో ఏ రైడ్ క్యూ పెరుగుతుందో మీ ఇంట్లోనే గ్రాఫ్ గీసుకోవచ్చు.

ప్రశ్న: పార్కులో సాయంత్రానికల్లా ఫోన్ చచ్చిపోతోంది. విమానంలో ఎంత పెద్ద పవర్ బ్యాంక్ తీసుకెళ్లొచ్చు?

జవాబు: 100 వాట్ అవర్ల వరకు అడ్డు లేదు. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్ అవర్లు, నిశ్చింతగా తీసుకెళ్లొచ్చు. అది చేతి బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు.